కాఫీలో కడిగిన రీలు

ఒక ఆదివారం సాయంత్రం దుర్గం చెరువు గట్టు మీద నేను ఒక అమ్మాయిని పెళ్లి చేసుకుందామని అడిగాను. అడిగాను అనడం కూడా గొప్పలు పోవడమే. ఆమె పక్కనే నిలబడి, ఫోనులో టైపు చేసి, ఆ ఫోను ఆమె చేతికిచ్చాను. "మనం పెళ్లి చేసుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. మీ అభిప్రాయం తెలియజేయగలరు" అని రాశాను. మూడేళ్లుగా నువ్వు అని పిలుస్తున్న మనిషిని ఒక్క వాక్యంలో మీరు చేసేశాను. రోజంతా ఆఫీసు మెయిళ్లు రాసే చేత్తో ప్రేమలేఖ రాస్తే అలాగే తగలడుతుంది. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ దిండులో మొహం దాచుకుంటాను.

ఆమెదీ మా ఆఫీసే. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ, ఏడో అంతస్తు. ఆమె కోడు రాస్తుంది, అందులో తప్పులు వెతకడం నా ఉద్యోగం. రోజూ నేనొక తప్పు పట్టడం, ఆమె "నా దగ్గర మంచిగనే నడుస్తుంది" అని దాన్ని నా మొహాన తిప్పికొట్టడం, ఇలా మూడేళ్లు గడిచాయి. ఇంతకన్నా మంచి పరిచయం ఇంకోటి ఉండదని నా నమ్మకం. వాళ్లది లింగంపల్లి, తాతల కాలం నుంచీ అక్కడే. మేం గుంటూరు నుంచి వచ్చి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో స్థిరపడ్డవాళ్లం. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే.

ఆమె చదివింది. నవ్వలేదు, కోప్పడలేదు. నా మెడలో వేలాడుతున్న కెమెరాకేసి చూసింది. కోఠీలో పాత సామాన్ల కొట్టులో కొన్న రీలు కెమెరా అది. బ్లాక్ అండ్ వైట్ రీలు వేసి సాయంత్రమంతా ఆమెనే తీశాను. మొక్కజొన్న పొత్తు తింటున్న ఆమె, పొత్తు వేడికి నాలుక కాల్చుకున్న ఆమె, ఇంక చాలు ఆపమని చెయ్యి అడ్డం పెట్టిన ఆమె.

"గిండ్ల ఇంక ఎన్ని ఉన్నయి?" అంది.

"ఒకటే. ముప్పై ఆరోది."

"పెన్నుందా?"

ఇచ్చాను. కెమెరా కూడా తీసుకుని అటు తిరగమంది, తిరిగాను. వెనక కాసేపు చప్పుడు లేదు. తర్వాత టక్కుమంది. కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నా జవాబు గిండ్లనే ఉన్నది. నువ్వే కడిగి చూస్కో. ల్యాబుల ఇచ్చినవో, ఇగ నాతోని మాట్లాడకు. వచ్చే ఆదివారం మా ఇంటికి ఒక సంబంధమోళ్లు వస్తున్నరు. శనివారం దాంక టైం ఇస్తున్న. అప్పటిదాంక నన్నేం అడగొద్దు."

"కడిగేటప్పుడు పాడైతే?"

"కరాబైతే గదే నా జవాబనుకో" అని, నా పెన్ను తన బ్యాగులో వేసుకుని వెళ్లిపోయింది.

ఎవరికైనా భయం వేయాలి. నాకు మాత్రం ఒళ్లంతా తేలికైపోయింది. వద్దనుకున్న మనిషి ఇంత ఆట ఆడుతుందా? బండి మీద ఇంటికి వస్తుంటే కొత్తగూడ చౌరస్తాలో ఎర్ర దీపం పడింది. హైదరాబాదులో బండి నడపడం మొదలుపెట్టాక ఎర్ర దీపాన్ని చూసి సంతోషించడం అదే మొదటిసారి. ఆగి, హెల్మెట్ లోపల, హాయిగా నవ్వుకోవచ్చు కదా.

రీలు కడగడం నాకు కొత్తేమీ కాదు. రెండేళ్లుగా మా బాత్రూంలో కడుగుతున్నాను, ఆఫీసులో ఆ గొప్పలు చెప్పుకుంటూనే ఉన్నాను. పని పెద్దది కాదు. చీకట్లో రీలును వెలుగు చొరని ఒక డబ్బాలోకి ఎక్కించాలి. తర్వాత వెలుతురులోనే డబ్బాలోకి ముందు డెవలపర్ పొయ్యాలి, అది బొమ్మను పైకి తెస్తుంది. అది పారబోసి ఫిక్సర్ పొయ్యాలి, అది బొమ్మను నిలబెడుతుంది. ఆపైన నీళ్లతో కడిగి ఆరేయడమే. ఆఫీసులో డెవలపర్ అంటే మనిషి, ఇక్కడ మందు. దాని మీద వేయగలిగిన జోకులన్నీ మావాళ్లు ఎప్పుడో వేసేశారు, కాబట్టి నేను వేయను. తెలుసుకోవలసింది ఒక్కటే. డెవలపర్ చచ్చిపోయి ఉంటే బొమ్మలు రావు. రానివి ఇక ఎప్పటికీ రావు, రెండోసారి కడగడం అనేది లేదు.

సోమవారం ఇంటి నుంచి పని. మీటింగులకు మధ్య ఖాళీ చూసుకుని డెవలపర్ సీసా తీశాను. వేసవి మొదట్లో తెరిచిన సీసా, సగం ఖాళీ, మే నెల ఎండలు. కొత్తగా ఉన్నప్పుడు నీళ్లలా ఉండే మందు ఇప్పుడు ముదురు డికాషన్ రంగులో ఉంది. అయినా ఆశ చావదు కదా. పరీక్షకు ఒక తేలిక దారి ఉంది: గడువు తీరిన పాత రీలులోంచి ఒక ముక్క కత్తిరించి, వెలుతురులోనే మందులో ముంచాలి. మందు బతికి ఉంటే ముక్క కొద్ది నిమిషాల్లో బొగ్గులా నల్లబడుతుంది. నేను ముంచాను. ఐదు నిమిషాలు చూశాను, పది చూశాను. ముక్క వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బాత్రూం గడప మీద కూర్చుని, ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

కొత్త సీసా ఆన్‌లైనులో వెతికితే వచ్చే మంగళవారానికి అందుతుందట. నాకు తెలిసిన ఫొటో సామాన్ల కొట్టుకు ఫోన్ చేస్తే, "ఇంకా రీలు కడుగుతున్నారా సార్ మీరు?" అని ఆయన జాలిపడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది కాఫీ డెవలపర్. ఎప్పుడో చదివాను. నీళ్లలో బట్టల సోడా, విటమిన్ సి పొడి, ఇన్‌స్టంట్ కాఫీ కలిపితే అది కూడా బొమ్మను పైకి తెస్తుంది. కాఫీ! మా ఇంట్లో లేనిది ఏదైనా ఉంటుందేమో గానీ కాఫీ లేకపోవడం ఉండదు. మా అమ్మ రోజుకు నాలుగుసార్లు తాగుతుంది, ఐదోసారి నాకు ఇవ్వడానికి పెట్టి అందులో సగం తను తాగుతుంది. ఎగిరి గంతేశాను. విటమిన్ సి పొడి జిమ్ముకెళ్లే కుర్రాళ్లు కొనుక్కునే దుకాణంలో దొరికింది. సోడా ఇంట్లోనే ఉంది. సాయంత్రానికల్లా సామగ్రి సిద్ధం.

మంగళవారం పొద్దున కలిపాను. ఆ వాసన గురించి ఎవరూ నన్ను ముందు హెచ్చరించలేదు. తడిసిన కుక్కకి కాఫీతో స్నానం చేయిస్తే అలా ఉంటుందేమో. అమ్మ వంటింట్లోంచి వచ్చి మంచం కింద వంగి చూసింది.

"ఎలుకేదో చచ్చిందిరా నాన్నా."

"ఎలుక కాదమ్మా, నీ కాఫీ."

"నా కాఫీని అంత మాట అంటావా!" అని మొహం ముడుచుకుని వెళ్లింది.

ముక్క ముంచాను. రంగు మారింది! మారి, బూడిద రంగు దగ్గర ఆగిపోయింది. నలుపు కాదు, నలుపుకి దూరపు చుట్టం. ఈ మందులో అసలు రీలు వేస్తే బొమ్మలు లీలగా, పొగమంచులో మనుషుల్లా వస్తాయి. పెన్నుతో రాసిన అక్షరం అసలు కనపడదు. నా జీవితమేమో ఆ అక్షరంలో ఉంది.

కానీ నేను తప్పులు వెతికి బతికేవాణ్ణి. ఇలాంటప్పుడు ఏం చేయాలో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఒక్కోసారి ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు, ఫలితం రాసుకోవాలి. ఒక కాగితం తలుపుకి అంటించి అనుమానితుల పేర్లు రాశాను. భయం పోయి ఉత్సాహం వచ్చేసింది. ఇంత ముఖ్యమైన తప్పు నా ఉద్యోగ జీవితంలో ఒక్కటీ తగల్లేదు.

మొదటి అనుమానం నీళ్ల మీద. మా బోరు నీళ్లకి బకెట్ల అంచుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. తాగే నీళ్ల క్యాను వంచి మళ్లీ కలిపాను. అదే బూడిద. రెండో అనుమానం వేడి మీద. మందు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలంటారు. మే నెలలో మా కుళాయి నీళ్లతో టీ పెట్టుకోవచ్చు. ఐసు ముక్కలు వేసిన బకెట్లో గ్లాసు నిలబెట్టి ఇరవైకి దించాను. ఈసారి బూడిద ఇంకా పలచబడింది. చల్లదనానికి మందు బద్ధకించిందని అర్థమై, నా తెలివికి నేనే దణ్ణం పెట్టుకున్నాను.

బుధవారం ఆఫీసు కాల్. పొద్దున్నే అందరం పనులు చెప్పుకునే పది నిమిషాల మీటింగు. ఆ వారం దాన్ని నడిపే వంతు ఆమెది. నా వంతు వచ్చింది. ఆమె తెర మీద మహా అమాయకంగా మొహం పెట్టి, "మీ పనిల ఏమన్న అడ్డంకులున్నయా?" అంది. ఆ 'మీ' అన్న మాట ఒత్తి మరీ పలికింది.

"నీళ్ల సమస్యొకటి ఉంది. సాల్వ్ చేస్తున్నాను" అన్నాను.

"మీ కూకట్‌పల్లిలో ఎప్పుడూ ఉండేదేగా, ట్యాంకరు చెప్పించండి" అని మా మేనేజరు సలహా ఇచ్చాడు. ఆమె కెమెరా ఆపేసుకుంది. నవ్వు ఆపుకోలేకే అని నాకు తెలుసు. ఆ నల్లటి చతురస్రాన్ని చూసుకుంటూ నేను మిగతా మీటింగంతా ఒక్క ముక్క వినలేదు.

మూడో అనుమానం సోడా మీద. ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా వంటింట్లో ఏ డబ్బా మీద ఏం రాసి ఉందో అది ఆ డబ్బాలో ఉండదు. బిస్కెట్ల డబ్బాలో పంచదార, తేనె సీసాలో ఆవాలు, పాలపొడి డబ్బాలో చింతపండు. ఖాళీ అయిన ఏ సీసానూ అమ్మ పారేయదు, కడిగి, ఎండబెట్టి, ఇంకోదానికి ఉద్యోగమిస్తుంది. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు, చుట్టుపక్కల ఏ వంటింట్లో చూసినా ఇదే. ఇలాంటి ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి గనుక నేను సోడా డబ్బాను అనుమానించాను. అది బట్టల సోడానా వంట సోడానా అని అమ్మని అడిగితే, నాలుక మీద వేసుకుని చూసి, "బట్టలదే అనుకుంటా" అంది. అనుకోవడాల మీద పెళ్లిళ్లు నిలబడవని బజారుకెళ్లి బట్టల సోడా కొత్త పొట్లం తెచ్చాను. ముక్క బూడిద రంగు కాస్త చిక్కబడింది. అంతే. నలుపు రాలేదు.

గురువారం విటమిన్ పొడిని నాలుక మీద వేసుకున్నాను. పులుపుకి చెవులు కదిలాయి, కాబట్టి దాని తప్పు లేదు. ఫిక్సర్‌లో ఒక ముక్క వేస్తే రెండు నిమిషాల్లో గాజులా తేటపడింది, దానిదీ తప్పు లేదు. తలుపు మీది కాగితంలో అన్నిటికీ అడ్డగీతలు పడ్డాయి. మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లాను. క్యాంటీన్లో ఆమె ఎదురుగా కూర్చుని పెరుగన్నం తింటూ నా వేళ్లకేసి చూసింది. కాఫీ మరకలతో గోధుమ రంగుకి తిరిగాయి.

"ఏమైంది గా చేతులకు?"

"ఏం లేదు."

"కరాబైతే కాలే కదా?"

"నన్నేం అడగొద్దన్నావుగా, మరి నువ్వెందుకు అడుగుతున్నావ్?"

ఆమె ఒక్క క్షణం తడబడింది. పెరుగన్నంలోకి చూస్తూ, "ఊకనే" అంది. ఆ తడబాటు తలుచుకుంటూ ఆ పూట నేను మెట్లెక్కే ఏడు అంతస్తులు వెళ్లాను, లిఫ్టు ఉందన్న సంగతి గుర్తులేక.

శుక్రవారం పొద్దున వంటింట్లో నిలబడి పళ్లు తోముకుంటున్నాను. నా ప్రయోగాల వల్ల కాఫీ సీసా అడుగంటింది. పొడవాటి గాజు సీసా అది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఎవరో బంధువులు తెచ్చినదట, మీద బంగారు రంగు అక్షరాలతో స్వచ్ఛమైన కాఫీ అని ఉంటుంది. అమ్మ పైఅరలోంచి ఒక రేకు పొట్లం తీసి, కత్తెరతో మూల కత్తిరించి, ఆ సీసాలోకి ఒంపింది. నా నోట్లో బ్రష్షు అలాగే ఆగిపోయింది. పొట్లం లాక్కుని వెనకవైపు చదివాను. కాఫీ, చికోరీ మిశ్రమం అని ఉంది. దాదాపు సగానికి సగం.

"అమ్మా! ఇందులో చికోరీ ఉంది!"

"ఉండదూ మరి? చికోరీ లేకపోతే చిక్కదనం ఎక్కణ్ణించొస్తుంది?"

"సీసా మీద స్వచ్ఛమైన కాఫీ అని రాసుంది కదమ్మా!"

"సీసా మీద రాసింది చదివి వాడతారట్రా ఎవరైనా? పంచదార డబ్బా మీద బిస్కెట్లని ఉంది, కరకరా నమిలేస్తావా?"

బొమ్మను పైకి తెచ్చేది కాఫీ. చికోరీ ఒట్టి రంగూ రుచీ. మూడు రోజులుగా నేను సగం మందే పోస్తున్నాను. సోడా డబ్బాను అనుమానించినవాణ్ణి, నీళ్లను అనుమానించినవాణ్ణి, కాఫీ సీసాను మాత్రం అనుమానించలేదు. రోజూ రెండు పూటలా తాగేదాన్ని ఎవరు అనుమానిస్తారు? నోట్లో నురగతో, బ్రష్షు ఊపుతూ, ఆనందమో దుఃఖమో తెలియని గొంతుతో అరిచాను.

"నీ చికోరీ వల్ల నా పెళ్లి తప్పిపోయేదమ్మా!"

అమ్మ కత్తెర కింద పెట్టింది. "పెళ్లా? ఎవరితో?"

అలా తెలిసింది మా అమ్మకి. నోరు పుక్కిలించుకుని వచ్చి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. చెరువు గట్టు, ఫోను, ముప్పై ఆరో ఫొటో, శనివారం గడువు, ఆదివారం వచ్చే సంబంధం. అమ్మ చాలా శ్రద్ధగా విని మొదటి ప్రశ్న అడిగింది.

"వాళ్లింట్లో కాఫీ తాగుతారా?"

"చాయ్ అమ్మా. లింగంపల్లి వాళ్లు."

అమ్మ నిట్టూర్చింది. "సర్లే, నేర్పుదాం" అంది. చెప్పులేసుకుని బజారుకెళ్లింది. మూడు కొట్లు తిరిగి, ప్రతి సీసా వెనకా కళ్లజోడు పెట్టుకుని చదివి, చికోరీ లేని కాఫీ తెచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒక సీసా మీది అక్షరాలు నమ్మడం అదే మొదలు. కలిపి, ముక్క ముంచాను. ఇద్దరం గ్లాసు మీదకి వంగాం. బూడిద అయింది, ముదురు బూడిద అయింది, నాలుగు నిమిషాల్లో కాటుకలా నల్లబడింది. అమ్మ చప్పట్లు కొట్టింది. నేను అమ్మని ఎత్తి ఒక చుట్టు తిప్పాను. నడుం పట్టేసింది, ఇద్దరికీ.

శనివారం పొద్దున బాత్రూం కిటికీకి దుప్పటి కట్టి, తలుపు కింద సందులో అమ్మ పాత చీర కుక్కి, చీకట్లో రీలు ఎక్కించాను. తలుపు తీశాక పెత్తనమంతా అమ్మది. ఐసు బకెట్టు ఆమె చూసుకుంది. నేను డబ్బాను నిమిషానికోసారి తిరగేస్తుంటే, గడియారం పట్టుకుని గుమ్మంలో కూర్చుని, "ఇప్పుడు తిప్పు, చాలు, దించు" అని ఆజ్ఞలిచ్చింది. పదిహేను నిమిషాలు డెవలపర్, ఆపైన ఫిక్సర్, ఆపైన నీళ్లు. రీలు బయటికి లాగి కిటికీ వెలుతురుకి పట్టాను.

వచ్చాయి! తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా, ఒక్కొక్కటీ తేటగా ఉంది. పొత్తు తింటున్న ఆమె, నాలుక కాల్చుకున్న ఆమె, చెయ్యి అడ్డం పెట్టిన ఆమె. అరచేతి గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అమ్మ కళ్లజోడు సవరించుకుని, "పిల్ల బాగుందిరా" అంది. నేను వేళ్లతో ఒక్కో ఫొటో దాటుకుంటూ చివరికి వెళ్లాను. ముప్పై మూడు, ముప్పై నాలుగు, ముప్పై ఐదు.

ముప్పై ఆరోది ఖాళీ. గాజు ముక్కలా అవతల కిటికీ ఊచలు కనిపిస్తున్నాయి.

"ఏం రాసింది?" అంది అమ్మ.

"ఏమీ లేదమ్మా."

రీలును మళ్లీ వెలుతురుకి పట్టాను. చూసేకొద్దీ నాలో తప్పులు వెతికేవాడు లేచి కూర్చున్నాడు. రీలు అంచున కంపెనీవాళ్లు వేసే అంకెలు ఉంటాయి, అవి కూడా డెవలపర్ వల్లే పైకి వస్తాయి. ముప్పై ఆరు అన్న అంకె నల్లగా, కొట్టొచ్చినట్టు ఉంది. పక్కనున్న ముప్పై ఐదో ఫొటోలో లోపం లేదు. అంటే మందు చివరిదాకా సరిగ్గా పనిచేసింది. ఆ ఒక్క ఫొటోకి అసలు వెలుగే తగల్లేదు. తప్పు నా బాత్రూంలో జరగలేదు. అయితే ఏం లాభం? కరాబైతే అదే జవాబనుకోమంది కదా.

అమ్మ కాసేపు ఆలోచించి, "సరేనని రాశావు, చదివాను అని చెప్పెయ్. అలా రాయకపోతే తనే చెప్తుంది" అంది. నేను తెల్లబోయి చూశాను. "ఏం, పెళ్లిళ్లలో ఆ మాత్రం ఉండదా" అని లేచి వంటింట్లోకి వెళ్లింది.

సాయంత్రం నాలుగింటికి కొత్తగూడ ఫ్లైఓవర్ కింద చాయ్ బండి దగ్గర కలిశాం. దారంతా అమ్మ సలహా నా చెవిలో గింగిర్లు తిరిగింది. కానీ ఆమె మొహం చూడగానే అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఆరిన రీలు తీసి చేతికిచ్చాను.

"ముప్పై ఐదు వచ్చాయి. నీదొక్కటీ రాలేదు. ఖాళీ."

ఆమె రీలును ఆకాశానికి పట్టి చివరిదాకా చూసింది. మొహం వాడిపోయింది. "కరాబు చేసినవ్" అంది మెల్లగా.

"నేను కాదు" అని ఆమెకి దగ్గరగా జరిగి, అంచున అంకె చూపించి, మందులు ఎలా పనిచేశాయో, వెలుగు తగలకపోతే ఎలా ఉంటుందో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆఫీసులో ఆమె మీద ఇంత బలమైన సాక్ష్యం ఎప్పుడూ దొరకలేదు. "వెలుగే తగల్లేదు, తెలుస్తోందా? కెమెరా లెన్సు మూత తీశావా అసలు?"

"ఏం మూత?"

ఆ కెమెరాలో మనం చూసే కిటికీ వేరు, బొమ్మ తీసే అద్దం వేరు. అద్దానికి మూత పెట్టి ఉన్నా కిటికీలోంచి అంతా కనిపిస్తుంది, మీట నొక్కితే టక్కుమని కూడా అంటుంది. అదే చెప్పాను. ఆమె చాయ్ గ్లాసు అందుకుంది.

"మరి గా మూత పెట్టిందెవరు?"

ముప్పై ఐదో ఫొటో తీశాక అలవాటు కొద్దీ మూత పెట్టింది నేనే. పెట్టి, మెడలో వేసుకుని, ఫోను తీసి టైపు చేయడం మొదలుపెట్టింది నేనే.

"చెప్పు, బగ్ ఎవరిది?"

"నాదే."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. చాయ్ ఒలికి చెయ్యి కాలినా ఆగలేదు. నేను కూడా నవ్వాను, లోపల భయం అలాగే ఉన్నా. "ఎక్కడ రాశావు ఇంతకీ?" అని అడిగితే, "అరచేతిల. చెయ్యి గిట్ల దగ్గరగ పట్టి కొట్టిన" అని చూపించింది. ఆ కెమెరాకి అడుగున్నర దూరంలో ఉన్నది ఏదైనా మసకే. మూత తీసి ఉన్నా ఒక్క అక్షరం వచ్చేది కాదు. అది చెప్పేసరికి ఇద్దరం బండికి ఆనుకుని, కడుపులు పట్టుకుని నవ్వాం.

నవ్వు తగ్గాక నేను అడగాల్సింది అడిగాను. "రేపు వాళ్లొస్తున్నారా?"

ఆమె రీలును జాగ్రత్తగా చుట్టసాగింది. చుట్టడం అయిపోయింది, విప్పి మళ్లీ చుట్టింది. "రావొద్దని సోమవారమే చెప్పిపిచ్చిన, నాయినతోని."

సోమవారం. బాత్రూం గడప మీద చచ్చిన సీసాను ఒళ్లో పెట్టుకుని నేను ఏడ్చిన సోమవారం. "మరి ఈ ఐదు రోజులూ నేను పడ్డ పాట్లు..."

"మూడేండ్ల సంది నా పనిల తప్పులు తీస్తున్నవ్. అయిదు రోజులు నువ్వు పరేషాన్ అయితే ఏం పోయింది?"

అంతలో నా ఫోను మోగింది. అమ్మ. ఆగలేకపోయిందన్నమాట. ఎత్తగానే, "ఏమందిరా?" అని అరిచింది, బండి చుట్టూ ఉన్నవాళ్లకి కూడా వినిపించేలా.

"సరేనని రాసిందమ్మా" అన్నాను. అనేశాక గానీ అది నిజమని నాకే తెలియలేదు.

అవతల అనుమానం. "నిజంగానే రాసిందా, నేను చెప్పమన్నానని చెప్తున్నావా?"

నేను నోరు తెరిచేలోగా ఆమె నా చేతిలోంచి ఫోను తీసుకుంది. ఆంటీ అనలేదు, అమ్మా అనలేదు. కొంగు లేకపోయినా సవరించుకున్నట్టు భుజం తడుముకుని, నా వైపు కాకుండా ఫ్లైఓవర్ స్తంభం వైపు చూస్తూ అంది.

"నిజమే అత్తమ్మా. నేనే రాసిన."